అసలు మాయా, కంప్యూటరు మాయా

ఈ మధ్య పెద్ద సినిమాలు విడుదలయ్యే ముందు దర్శకులూ, నటులూ ఒక మాట చెప్పటం పరిపాటి అయింది. తమ సినిమాలో గ్రాఫిక్స్ లేవట, అంతా నిజంగానే తీశారట. ఈ మాటను వారు సాంకేతిక సమాచారంగా చెప్పటం లేదు. తన నేతిలో డాల్డా కలవలేదని వర్తకుడు ఎట్లా చెబుతాడో అట్లా చెబుతున్నారు. వినేవాళ్ళు కూడా అట్లాగే వింటున్నారు. బాగాలేని సినిమాను గురించి "అంతా గ్రాఫిక్సేనండీ" అని పెదవి విరవటం, బాగున్నదాన్ని గురించి "ఒక్క గ్రాఫిక్ కూడా లేదు తెలుసా!" అని మెచ్చుకోవటం నేను చాలాసార్లు విన్నాను.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయమే అయితే వ్యాసం రాయవలసిన పని లేదు. ఒకరికి వంకాయ ఇష్టం, ఒకరికి బెండకాయ ఇష్టం. కాని ఈ మెప్పులోనూ, ఈ విసుగులోనూ ఒక నైతికమైన తీర్పు ఉన్నది. చెక్కా, మైనమూ, మందుగుండూ పెట్టి చేసిన మాయ నిజాయితీ గలదనీ, కంప్యూటరు మీద చేసిన మాయ మోసమనీ ఆ తీర్పు. సినిమావాళ్ళు మొదటి రకాన్ని ప్రాక్టికల్ ఎఫెక్ట్స్ అంటారు, రెండోదాన్ని సీజీ అంటారు. ఈ తీర్పు ఎంతవరకు సమంజసమో ఆలోచించాలని కొంతకాలంగా నాకున్నది. అందుకు ఒక కారణం కూడా ఉన్నది, అది తరవాత చెబుతాను.

నా మిత్రుడొకాయన యాభై ఏళ్ళుగా సినిమాలు చూస్తున్నాడు, చూసినదాన్ని గురించి ఆలోచిస్తాడు కూడాను. ఆయన వాదం కొట్టిపారేయదగింది కాదు. "కెమెరా ముందు చేసిన ట్రిక్కు ఏదో ఒక రూపంలో ఒకసారి జరిగింది. కంప్యూటరులో గీసింది ఎక్కడా, ఎప్పుడూ జరగలేదు. జరిగినదాన్ని చూపటం సాక్ష్యం. జరగనిదాన్ని జరిగినట్టు చూపటం దొంగసాక్ష్యం," అంటాడాయన.

బాగానే ఉన్నది. కాని కెమెరా ముందు జరిగిందేమిటి? 1957లో వచ్చిన "మాయాబజార్" తీసుకుందాం. అందులో ద్వారకానగరం ఉన్నది. కెమెరా ముందు ఉన్నది ద్వారక కాదు. చిన్న చిన్న దీపాలు పెట్టిన బొమ్మ ఇళ్ళు. నౌకావిహారంలో వెన్నెల ఉన్నది. ఆ వెన్నెలలో చాలా భాగం చంద్రుడు కాసింది కాదు. మార్కస్ బార్ట్‌లే స్టూడియోలో దీపాలతో కాయించింది. కెమెరా బొమ్మ ఇళ్ళకు సాక్షి, విద్యుద్దీపాలకు సాక్షి. మనకు మటుకు అది ద్వారకనూ, వెన్నెలనూ చెప్పింది. దొంగసాక్ష్యమనే మాట వాడదలిస్తే ఇదీ దొంగసాక్ష్యమే.

అయితే మాయాబజార్ చూసి మోసపోయానని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. మా నాన్న దాన్ని టూరింగు టాకీసులో నేలమీద కూచుని చూశాడట. లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే జనం ఈలలు వేశారట. ఆ ఈలలు వేసినవాళ్ళలో ఒక్కడు కూడా లడ్డూలకు రెక్కలున్నాయని నమ్మలేదు. ఎట్లా చేశారో తెలియదు, ఎవరో చేశారని మాత్రం తెలుసు. ఆ "ఎవరో"ను మెచ్చుకునే వేశారు. ప్రేక్షకుడికీ, సినిమాకూ మధ్య ఇటువంటి ఒప్పందం ఒకటి ఉంటుంది. "నేను నిన్ను భ్రమ పెడతాను, నువ్వు భ్రమపడు" అని. ఈ ఒప్పందం లోపల జరిగేదాన్ని మోసమనటానికి వీలులేదు. కంప్యూటరుతో చేసిన భ్రమ కూడా ఈ ఒప్పందం లోపలిదే గనక, అది వెన్నెలకంటె ఎక్కువ అబద్ధమూ కాదు, తక్కువా కాదు.

అన్నట్టు, ఆ సినిమాలోనే మాయానగరాన్ని ఘటోత్కచుడు ఒంటిచేత్తో సృష్టించడు. చిన్నమయ ఉన్నాడు, లంబూ జంబూ ఉన్నారు, వాళ్ళ పరివారం ఉన్నది. మాయకు కూడా పనివాళ్ళు కావాలని కె.వి.రెడ్డికీ, పింగళికీ తెలుసు.

ఇంత చెప్పినా మిత్రుడి మాటలో ఒక నిజం మిగిలిపోతున్నది. వస్తువుకు మొండితనం ఉంది. అది మనం చెప్పినట్టు పూర్తిగా వినదు, ఆ వినకపోవటంలోనుంచి కళకు కొంత బలం వస్తుంది. 1975లో వచ్చిన "జాస్" సంగతి చాలామందికి తెలుసు. సొరచేప కోసం యంత్రాలు చేయించారు. సముద్రపు ఉప్పునీటిలో అవి మాటిమాటికీ పాడైనాయి. చేప సిద్ధంగా లేదు గనక స్పీల్‌బర్గ్ చేపను చూపకుండా నీటినీ, భయపడే మనుషుల్నీ చూపాడు. ఆ సినిమాలో భయమంతా ఆ చూపకపోవటంలోనే ఉంది. అంతకు చాలా ముందు, 1933లో "కింగ్ కాంగ్" తీసినప్పుడు కోతిబొమ్మకు బొచ్చు అంటించి, ఒక్కొక్క ఫ్రేముకూ దాన్ని చేత్తో కొంచెం కొంచెం కదుపుతూ తీశారు. కదిపినప్పుడల్లా వేళ్ళు తగిలి బొచ్చు చెదిరేది. తెరమీద చూస్తే కాంగ్ ఒంటిమీది వెంట్రుకలు గాలికి కదిలినట్టు అల్లల్లాడుతుంటాయి. అది గాలి కాదు, పనివాళ్ళ వేళ్ళు. తొంభై ఏళ్ళ తరవాత కూడా ఆ వేళ్ళ జాడ ఫిల్ము మీద ఉంది. నా మిత్రుడు ప్రేమించేది ఈ జాడనే అని నా అనుమానం. ఆ ప్రేమను నేను కాదనను.

కాని చెయ్యి ఒకవైపూ, కంప్యూటరు ఒకవైపూ అనే విభజన కూడా అంత శుద్ధమైనదేమీ కాదు. 1993లో "జురాసిక్ పార్క్" వచ్చింది. దానిలో డైనోసార్లు తెరమీద కనిపించేది మొత్తం సుమారు పావుగంట. అందులో కంప్యూటరువి ఆరు నిమిషాలకు అటూ ఇటూ. తక్కినవి స్టాన్ విన్‌స్టన్ కార్ఖానాలో తయారైన యంత్రపు బొమ్మలు. బొమ్మలను ఫ్రేము ఫ్రేముకూ చేత్తో కదిపి ప్రాణం పోయటంలో ఫిల్ టిపెట్ దిట్ట. కంప్యూటరుతో చేసిన మొదటి నమూనా చూడగానే ఇక తన విద్యకు కాలం చెల్లిందనుకున్నాడు. తీరా చూస్తే కంప్యూటరు ముందు కూచున్నవాళ్ళకు జంతువు బరువు ఎట్లా మోస్తుందో, అడుగు ఎట్లా వేస్తుందో తెలియవలసి వచ్చింది. అందుకని కీళ్ళున్న లోహపు అస్థిపంజరం ఒకటి చేశారు. టిపెట్ మనుషులు దాన్ని అలవాటైన పద్ధతిలో చేత్తో కదిపితే ఆ కదలిక కంప్యూటరులోకి ఎక్కేది. ఆ ఆరు నిమిషాలలో కూడా కొంత వేళ్ళ పని ఉందన్నమాట. జాడ మాత్రం లేదు.

ఇక "నిజంగా తీశాం" అనే గొప్పలో మరొక సంగతి ఉన్నది, దాన్ని ఎవరూ పోస్టరు మీద వెయ్యరు. నిజంగా తీయటమంటే నిజంగా ఎవడో పడాలి, కాలాలి, మునగాలి. 1936లో "ది చార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్" అనే సినిమాలో, పరుగెత్తే గుర్రాలను తీగలు కట్టి కూలదోశారు. చాలా గుర్రాలు చచ్చాయి. 1982 జులై 23 రాత్రి కాలిఫోర్నియాలో "ట్వైలైట్ జోన్" సినిమా కోసం ఒక యుద్ధదృశ్యం తీస్తూ మందుగుండు పేల్చారు. ఆ పేలుళ్ళకు హెలికాప్టరు అదుపు తప్పి కిందపడి విక్ మారో అనే నటుడూ, ఇద్దరు చిన్నపిల్లలూ అక్కడికక్కడే చనిపోయారు. పిల్లలు ఆరేడేళ్ళవాళ్ళు. బాలకార్మిక చట్టానికి విరుద్ధంగా, అనుమతి లేకుండా, రాత్రిపూట వాళ్ళను పనిలో పెట్టారు. దర్శకుడి మీదా, మరి నలుగురి మీదా కేసు నడిచింది. 1987లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. 2021 అక్టోబరులో "రస్ట్" అనే సినిమా సెట్టు మీద తుపాకిలో అసలు గుండు ఉండి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించింది. తుపాకి మంటను కంప్యూటరులో వేయటం ఎప్పటినుంచో మామూలు పని. ఆ మంట "అసలుది" కావాలని పట్టుబట్టేవాళ్ళకు ఈ మరణం ఏమి చెబుతున్నదో నాకు తెలియదు.

2022లో "ఆర్ ఆర్ ఆర్" చూసినప్పుడు లారీలోనుంచి మీదికి దూకే పులులనూ, జింకలనూ చూసి నా పక్క సీటులో ఒక పెద్దమనిషి "గ్రాఫిక్సు!" అని గొణిగాడు. అవును, గ్రాఫిక్సే. అసలు జింకలను అట్లా దూకించి ఉంటే ఆయన సంతోషించేవాడా?

ఇక్కడితో ఆగిపోతే నేను కంప్యూటరు పక్షాన వకాల్తా పుచ్చుకున్నట్టు కనిపిస్తుంది. నాకు ఆ ఉద్దేశం లేదు. మొదట చెప్పిన కారణం ఇప్పుడు చెబుతాను.

కిందటేడు దాకా మా ఇంటి పై వాటాలో ఒక కుర్రాడు అద్దెకుండేవాడు. పేరు అనవసరం. హైదరాబాదులోనే ఒక గ్రాఫిక్స్ కంపెనీలో పని. ఆ కంపెనీ పేరూ అనవసరమే. మొదట్లో అతను సినిమాలకు బొమ్మలు వేస్తాడనుకున్నాను. "కాదు మాస్టారూ, నేను చెరుపుతాను," అన్నాడు. తెరమీద వీరుడు గాలిలో ఎగురుతాడు. నిజంగా అతన్ని తీగలు కట్టి క్రేనుతో లేపుతారు. ఆ తీగలను ఫ్రేము ఫ్రేముకూ తుడిచి, తీగ వెనక ఏ గోడ ఉందో, ఏ చెట్టు ఉందో దాన్ని మళ్ళీ అతికించాలి. లేదా నటుడి చుట్టూ, జుట్టుతో సహా, గీత గీసి అతన్ని వెనకనున్న దృశ్యంనుంచి విడదీయాలి. దీన్ని రోటో అంటారు. సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు. తెల్లవాళ్ళ సినిమాలకు ఈ చాకిరీ చాలాభాగం మన దేశంలోనే జరుగుతుంది, కారణం చెప్పనక్కర్లేదు. రాత్రి పదకొండుకు వచ్చేవాడు. షాటు అప్పగించే రోజులైతే తెల్లవారి పాలపాకెట్లతోబాటు వచ్చేవాడు. ఒకసారి రెండు నెలలు జీతం రాలేదు. నాకు అద్దె ఇవ్వలేకపోయినందుకు నా మొహం చూడటం మానేశాడు.

"నీ పని తెరమీద ఎక్కడుందో చూపించవోయ్," అని అడిగాను. "నా పని కనపడితే నేను తప్పు చేసినట్టు మాస్టారూ," అన్నాడు.

నా మిత్రుడి సాక్ష్యం సిద్ధాంతానికి నాకు సరైన జవాబు ఆ మాటలో దొరికింది. కాంగ్ బొచ్చు మీద పనివాడి వేళ్ళున్నాయి. ఈ కుర్రాడి పని ఆ వేళ్ళను చెరపటం. శ్రమ జాడను తుడిచెయ్యటమే అక్కడ శ్రమ. అటువంటి పనిని గురించి "అసలు జరగనే లేదు" అని చెప్పటం తేలిక. చెప్పారు కూడాను. 2022లో "టాప్ గన్: మావెరిక్" వచ్చినప్పుడు, నటులు నిజమైన యుద్ధవిమానాలలో ఎగిరారని మహా ప్రచారం జరిగింది. ఎగిరిన మాట నిజమే. కాని ఆ సినిమాలో కంప్యూటరు పని జరిగిన షాట్లు రెండు వేలకు పైమాటే. 2015లో వచ్చిన "మాడ్ మాక్స్: ఫ్యూరీ రోడ్" నమీబియా ఎడారిలో నిజమైన బళ్ళతో తీసిందని అందరూ పొగిడారు. అందులోనూ కంప్యూటరు చెయ్యి పడిన షాట్లు సుమారు రెండు వేలున్నాయి. ఈ రెండు సినిమాలనూ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కారుకు నామినేట్ చేశారు. పరిశ్రమవాళ్ళకు లోపల తెలుసన్నమాట. టిక్కెట్టు కొనేవాడికి చెప్పింది వేరు.

మోసం ఇక్కడ ఉన్నది. తెరమీద కాదు, గోడమీద. తెరమీది భ్రమకు ప్రేక్షకుడి అంగీకారం ఉంది. "దీన్ని ఎవరూ చెయ్యలేదు, ఇది దానంతటదే నిజం" అనే ప్రచారానికి ఎవరి అంగీకారమూ లేదు. విమానంలో ఎగిరిన నటుడి కష్టాన్ని అమ్ముకోవచ్చు, దానికి ఒక మొహం ఉంది. ఎక్కడో చీకటిగదిలో విమానం అంచులు గీసినవాడి కష్టం అమ్ముడుపోదు, పైగా అమ్మకానికి అడ్డం. అంచేత దాన్ని దాచారు.

మిత్రుడికి ఇదంతా చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు కళ సంగతి వదిలేసి జీతాల సంగతి పట్టుకున్నావు. కుర్రాడికి జీతం సరిగ్గా ఇచ్చినంత మాత్రాన బరువులేని బొమ్మకు బరువు వస్తుందా? ఆ యుద్ధాలూ, ఆ కూలే భవనాలూ దూదిలా ఎందుకుంటున్నాయో చెప్పు," అన్నాడు.

ప్రశ్న న్యాయమైనది. దీనికి నా జవాబు ఇది. ఫిల్ము రోజులలో మాస్కు షాటు తీయాలంటే, కటకం ముందు కొంత భాగం నల్లగా మూసి, మిగిలిన భాగంలో తీసి, ఫిల్మును కెమెరాలోనే వెనక్కి తిప్పి, ఇప్పుడు మొదటి భాగం మూసి రెండోది తీయాలి. 1961లో "సీతారామ కల్యాణం"లో రావణుడి పది తలలనూ రవికాంత్ నగాయిచ్ ఈ మాస్కులతోనే తీశాడని ప్రసిద్ధి. ఎక్కడ ఒక్క వెంట్రుకవాసి తప్పినా మొదటినుంచీ మళ్ళీ తీయాలి. అంచేత దర్శకుడు ముందే తేల్చుకునేవాడు: ఏది కనిపించాలి, ఎంతసేపు, ఏ వైపునుంచి. తేల్చుకోకపోతే నష్టం తనకే. ఇప్పుడు తేల్చుకోనక్కర్లేదు. పచ్చగుడ్డ ముందు నటుణ్ణి నిలబెట్టి, వెనక కొండ ఉంటుందా, కోట ఉంటుందా అనేది సీజీలో చూసుకుందాం అనవచ్చు. కొండ పెట్టిన తరవాత కోట కావాలనవచ్చు. గ్రాఫిక్స్ కంపెనీలు సాధారణంగా ఇంత పనికి ఇంత అని ముందే ఒక మొత్తానికి ఒప్పుకుంటాయి. దర్శకుడు ఎన్నిసార్లు మనసు మార్చుకున్నా పెరిగిన ఖర్చు తరుచు కంపెనీదే. కంపెనీ దాన్ని పై వాటాలో అద్దెకుండే కుర్రాడి నిద్రలోనుంచి రాబట్టుకుంటుంది. నిర్ణయం తీసుకోనివాడికి నష్టం లేదు. కాబట్టి నిర్ణయం జరగదు. నిర్ణయం లేని దృశ్యానికి బరువు ఎక్కడినుంచి వస్తుంది? మిత్రుడు చెప్పే దూదితనానికీ, కుర్రాడి జాగారాలకూ మూలం ఒకటే. కంప్యూటరు ముందు కూడా నిశ్చయంగా కూచున్నవాళ్ళున్నారు. 2012లో వచ్చిన "ఈగ"లో హైదరాబాదు మకుట సంస్థవారు చేసిన ఈగ మాట్లాడదు, మనిషి మొహమూ లేదు. అయినా దాని కోపం మనకు తెలుస్తుంది, జాతీయ బహుమతి కూడా వచ్చింది.

ఇంతవరకు నా వాదం నాకే ముచ్చటగా ఉంది. కాని దీనికి లొంగని సంగతి ఒకటున్నది. అదే 2012లో "లైఫ్ ఆఫ్ పై" వచ్చింది. అందులో పులి చాలావరకు కంప్యూటరుది, దానికి బరువు లేదని ఎవరూ అనలేరు. పడవలో దాని ఒళ్ళు చిక్కిపోవటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నిశ్చయమూ, ఓర్పూ ఉన్న పని అది. ఆ పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా కంపెనీకి హైదరాబాదులోనూ, ముంబయిలోనూ శాఖలుండేవి. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా తీసింది; రెండువందలమందికి పైగా ఉద్యోగాలు పోయినాయి. అదే నెల 24న ఆ పులికి ఆస్కారు బహుమతి వచ్చింది. హాలు బయట వందలమంది గ్రాఫిక్స్ పనివాళ్ళు ప్రదర్శన చేస్తున్నారు. లోపల బహుమతి అందుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ తమ కంపెనీ ఇబ్బందుల మాట ఎత్తేసరికి, టైమయిందని సంగీతం వేసి మైకు కట్టేశారు. ఆ వేసిన సంగీతం "జాస్" సినిమాలో సొరచేపది. యంత్రపు చేప బాణీతో కంప్యూటరు పులిని వేదిక దించారు. ఎవరూ కావాలని చేసిన ఎగతాళి కాదనుకుంటాను; ఆ రాత్రి ఎక్కువసేపు మాట్లాడిన వాళ్ళకు వాడుతున్న బాణీయే అది.

అంచేత బొమ్మ బాగుంటే పనివాడు బాగుంటాడని నేను చెప్పలేను. 2023 సెప్టెంబరులో అమెరికాలో మార్వెల్ కంపెనీ గ్రాఫిక్స్ పనివాళ్ళు ఏకగ్రీవంగా వోటు వేసి యూనియన్‌లో చేరారు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కుప్పకూలినప్పుడు బెంగుళూరులోనూ, ముంబయిలోనూ దాని ఉద్యోగులు ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. మా కుర్రాణ్ణి మీకు యూనియన్ ఉందా అని అడిగితే, "మేము సినిమావాళ్ళమా, సాఫ్ట్‌వేరువాళ్ళమా అనేదే తేలలేదు మాస్టారూ," అన్నాడు. ఇప్పుడు గీతలు గీసే పని యంత్రమే నేర్చుకుంటున్నదట. అతను ఆ ఉద్యోగం మానేసి ఊరికి పోయాడు.

పోయే ముందు ఒక సంగతి చెప్పాడు. ఏదో సినిమాలో నాలుగు సెకన్ల షాటు. గుర్రం మీదినుంచి వీరుడు గాలిలోకి లేవాలి. తీగలు తుడవటంతోబాటు, ఫ్రేము అంచున తాడు లాగుతూ నిలబడిన ఒక పనివాణ్ణి కూడా తుడవాలి. తొంభై ఆరు ఫ్రేములు. వెనక దుమ్ము లేస్తున్నది గనక పని తెమలలేదు; పై నుంచి మార్పులు వస్తూ మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ రోజూ ఆ మనిషినే చూస్తూ కూచున్నాడట.

"పెద్దాయన మాస్టారూ. తలకు తుండు చుట్టుకున్నాడు. యాభయ్యో ఫ్రేము దగ్గర తాడు జారింది, రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలాడు. పళ్ళు బిగించాడు. వదిలేస్తే పైనున్నవాడు పడేవాడు. హీరో మొహం నాకు గుర్తులేదు గాని ఆయన్ని ఎక్కడ కనిపించినా పోల్చుకుంటాను."

తుడవక ముందు షాటు ఒకసారి చూపించమన్నాను. అది తన దగ్గర లేదన్నాడు. ఉంచుకోకూడదని కంపెనీతో ఒప్పందమట.